గుర్రమెక్కిన ముడుపు

ఆ ఆదివారం పొద్దున్న లోవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి చద్దన్నం, తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా, పదింటికి సముద్రం ఒడ్డున ఒకే ఒక్క గుర్రం మీద ఒకే ఒక్క పందెం, పన్నెండింటికి ఇంట్లో భోజనం, ఒంటిగంటకి భార్య నాగరత్నంతో కలిసి అంతర్వేది తీర్థానికి ప్రయాణం. డెబ్బై ఏళ్ల మనిషికి ఇంతకంటే పెద్ద పథకం అనవసరం. ఇంత చిన్న పథకం చెడిపోవడం కూడా కష్టమే. అయినా చెడింది. మొగల్తూరు తీరంలో ఇప్పుడు ఎవర్నడిగినా ఆ రోజు పది గుర్రాలు పరిగెత్తాయంటారు. వచ్చినవి ఐదు. అందులో నిజంగా పరిగెత్తింది ఒక్కటే.

లోవరాజు అంటే ఆ చుట్టుపక్కల గుర్రాల లోవరాజే. నలభై ఏళ్ల కిందట రొయ్యల లారీ ఎక్కి, ఐసు పెట్టెల మీద గోనె పరుచుకుని పడుకుని మద్రాసు వెళ్లేవాడు. తెల్లారేసరికి సరుకు దిగిపోయేది. లారీ మళ్లీ సాయంత్రానికి గాని కదలదు. ఆ మధ్యలో ఉన్న పగలంతా తోటివాళ్లు సినిమాకి పోయేవాళ్లు. లోవరాజు గిండీ గుర్రప్పందేలకి పోయేవాడు.

గిండీలో గుర్రాలకి మాలీసు చేసే చిట్టియ్య మన మొగల్తూరు వాడే. పాతికేళ్లు గుర్రాల పక్కన నిలబడి నిలబడి, మాట మధ్యలో అప్పుడప్పుడు తనే సకిలించేవాడని లోవరాజు ఒట్టేసి చెబుతాడు. లోవరాజు నియమాలన్నీ ఆయన నేర్పినవే. రోజుకి ఒకటే పందెం, ఒకటే గుర్రం. ముందునుంచి చూస్తే ప్రతి గుర్రమూ పెళ్లికొడుకులాగే ఉంటుంది కాబట్టి వెనకనుంచే చూడాలి. దేని మీద కాశావో పందెం ముగిసేదాకా నోరు విప్పకూడదు. గెలిచినా ఓడినా రెండో పందెం చూడకుండా గేటు దాటెయ్యాలి. చిట్టియ్య ఇంకా ఏవో చెప్పాడు గాని, నలభై ఏళ్లలో వాటిని లోవరాజే మర్చిపోయాడు.

అన్నిటికంటే పెద్ద నియమం మాత్రం చిట్టియ్యది కాదు, నాగరత్నానిది. పెళ్లయిన రెండో ఏడు లోవరాజు కొత్త వలకని దాచిన డబ్బంతా గిండీలో పోగొట్టుకొచ్చి, అబద్ధం చెప్పడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నాగరత్నం మూడు రోజులు మాట్లాడలేదు. ఉత్తినే చూసింది. నాలుగో రోజు లారీ ఎక్కే వేళకి, పసుపు రాసిన గుడ్డముక్కలో ఇరవై రూపాయలు మూటగట్టి, మీద కుంకంబొట్టు పెట్టి చేతికిచ్చింది.

“మానమంటే మీరు మానరు. అబద్ధాలు నేర్చుకుంటారు. దానికంటే ఈ ముడి నయం. మీ పందెం ఇంతవరకే. కట్టేదాకా విప్పి చూడకూడదు.”

“చూస్తే ఏమవుద్దే?”

“పసుపు ముడండి అది. ఏమవుద్దో నన్నడక్కండి, దేవుణ్ణడగండి.”

లోవరాజు ఏనాడూ విప్పలేదు. టిక్కెట్ల కిటికీ దగ్గర ముడిని ముడిగానే అందించి, “మీరే విప్పుకోండి” అని వచ్చీరాని అరవంలో చెప్పేవాడు. అక్కడి గుమస్తా మొదట్లో విసుక్కున్నా, పోనుపోను కళ్లకద్దుకుని విప్పడం మొదలుపెట్టాడట. ఖాళీ గుడ్డ మడిచి ఇంటికి తెచ్చేవాడు లోవరాజు. గెలిచిన రోజున అందులో మద్రాసు మల్లెలుండేవి. ఓడిన రోజున ఒట్టి పసుపు వాసన. ఏది తెచ్చినా నాగరత్నం ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఏ గుర్రం ఎలా పరిగెత్తిందో, చిట్టియ్య ఏమన్నాడో మొదటినుంచీ చెప్పించుకునేది. లోపల చేపల పులుసు అడుగంటుతున్నా లేచేది కాదు.

ఆ లారీల కాలం అయిపోయింది. లోవరాజు మద్రాసు మొహం చూసి ముప్పై ఏళ్లు, చిట్టియ్య పోయి పాతికేళ్లు. ఇప్పుడు శనివారం శనివారం సెల్లులో గుర్రాల పేర్లు చదువుకుని, మనసులోనే ఒకటి కాసి, మనసులోనే ఓడిపోయి, టీ తాగి ఇంటికొచ్చేస్తున్నాడు.

అలాంటి మనిషి చెవిన, రొయ్యల చెరువుల సుకుమార్ తీర్థం రోజున తీరంలో గుర్రాల పరుగు పెడుతున్నాడన్న మాట పడింది. మూడు పూటలు సరిగ్గా అన్నం తినలేదు. నాలుగో పూట నాగరత్నమే కనికరించింది.

“ఒక్క ముడి. ఆఖరిది. ఇక గుర్రాల మాట ఎత్తకూడదు. అన్ని రేట్లూ పెరిగాయి కాబట్టి ఈసారి కాస్త పెంచి కడతాలెండి.”

ఆదివారం పొద్దున్నే రెండు వందలు పసుపు గుడ్డలో కట్టి, బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టింది. ఆ గూట్లోనే అదే రంగు గుడ్డలో, అదే బొట్టుతో ఇంకో ముడి ఉంది. అది అంతర్వేది స్వామికి ఏనాడో కట్టిన ముడుపు. మధ్యాహ్నం తీసుకెళ్లి హుండీలో వెయ్యాలని ఆ పొద్దున్నే ట్రంకుపెట్టె అడుగునుంచి తీసింది. ఎందుకు మొక్కిందో మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే మొక్కు ఫలించదంటారు కదా.

లోవరాజు కళ్లజోడు చొక్కా జేబులో ఉంది. చొక్కా ఇస్త్రీ బండి దగ్గరుంది. “ముడి గూట్లో పెట్టాను, తీసుకెళ్లండి” అని నాగరత్నం పెరట్లోంచి కేకేసింది. ఆయన గూట్లో చెయ్యి పెట్టి, చేతికి ముందు తగిలింది తీసుకున్నాడు. బరువుగా ఉంది. పెంచి కడతానంది కదా, ఇంత పెంచిందా అనుకుని, ముసలితనంలో పెళ్లాం మనసు మెత్తబడిందని లోలోపల మురిసిపోయాడు. విప్పి చూడలేదు. నియమం నియమమే.

తీరంలో తీర్థానికి మించిన జనం. చేపల రేవులో వేలంపాట పాడే సత్యకుమారికి సుకుమార్ పందేల పని అప్పజెప్పాడు. ఆవిడ ఐదు సత్తు బేసిన్లు వరసగా పెట్టుకుని, ఒక్కోదానికి సుద్దముక్కతో నంబరు వేసి కూర్చుంది. ఏ గుర్రం మీద కాస్తే ఆ బేసిన్లో వెయ్యాలి. గెలిచిన గుర్రం మీద కాసినవాళ్లు ఐదు బేసిన్ల డబ్బూ వాటాలేసుకోవాలి. చీటీలో రాసిందే రాత, ఆవిడ మాటే చట్టం.

లోవరాజు చేతులు వెనక్కి కట్టుకుని గుర్రాల వెనక ఒక చుట్టు తిరిగాడు. నలభై ఏళ్లు ఒక్కసారి వెనక్కిపోయాయి. పచ్చిగడ్డి వాసన, తోలు వాసన, చెమట వాసన. ఒక్క చిట్టియ్య సకిలింపే తక్కువ. రెండో నంబరు గుర్రాన్ని చూసి నవ్వుకున్నాడు. తీరంలో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే ముసలి గుర్రమది. ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. పక్కనెవరో “దీనికి పింఛనొస్తందా” అని కూడా అడిగారు. నాలుగో నంబరు దగ్గర మాత్రం లోవరాజు కాళ్లు ఆగిపోయాయి. తెల్లటి గుర్రం, వెనక తొడలు ధాన్యం బస్తాల్లా నిండుగా ఉన్నాయి. గిండీలో కూడా అలాంటి వెనకభాగం ఆయన రెండుసార్లే చూశాడు.

ముడి తీసి నాలుగో బేసిన్లో పెట్టాడు. సత్యకుమారి దాన్ని అరచేతిలో తూచింది.

“ఏంటి బావగారూ, ఇంత బరువుంది? ఎంతండీ?”

“విప్పకమ్మా. పరుగయ్యాక విప్పుకో.”

“పసుపు ముడి నేనెందుకు విప్పుతానండి, నా చేతులు పడిపోవా? చీటీలో ఎంతని రాయమంటారు?”

“ముడి అని రాసుకో.”

‘ముడి ఒకటి’ అని రాసుకుందావిడ.

లోవరాజు చిన్ననాటి స్నేహితుడు పల్లంరాజు ఇదంతా పదడుగుల దూరంనుంచి చూశాడు. పక్కకొచ్చి మోచేత్తో పొడిచాడు.

“ఏరా, నాలుగా?”

లోవరాజు సముద్రం వైపు చూశాడు.

“నాలుగేనా?”

లోవరాజు ఆకాశం వైపు చూశాడు.

“మాట్లాడ్డంలేదంటే నాలుగే” అని పల్లంరాజు వెనక ఉన్నవాళ్లకి చెప్పాడు. “గిండీలో కూడా వీడు నోరు విప్పేవాడు కాదు. బొట్టు పెట్టిన మూట వేశాడు. పూజ చేయించి తెచ్చాడంటే ఏంటనుకున్నారు?”

ఆ మాట బజ్జీల బండి దగ్గరికి చేరేసరికి మూటలో నోట్లకట్ట ఉంది. కొబ్బరిబొండాల దగ్గరికి చేరేసరికి రెండు కట్టలయ్యాయి. స్కూటర్లు పెట్టినచోట ఒకాయన, లోవరాజు పెళ్లాం నాంతాడు కూడా అందులోనే ఉందని, తన కళ్లతో చూశానని చెప్పాడు. ఇక జనం ఆగలేదు. నాలుగో బేసిన్ నిండి పొర్లితే సత్యకుమారి కింద చేపల తట్ట పెట్టింది. పరుగు పెట్టిన సుకుమారే చాటుగా వచ్చి నాలుగు మీద వేసిపోయాడు.

సరిగ్గా అప్పుడు లోవరాజు సెల్లు మోగింది.

“ఏవండీ, మీ ముడి ఇక్కడే ఉందేంటి?” అంది నాగరత్నం.

“నా దగ్గరుందే. కట్టేశాను కూడా.”

అవతల గూడంతా తడుముతున్న చప్పుడైంది. “మీ రెండు వందలు నా చేతిలో ఉన్నాయి. గూట్లో స్వామి ముడుపు లేదు.”

లోవరాజు సెల్లు జేబులో పడేసి బేసిన్ల వైపు చూశాడు. దేవుడి సొమ్ము పందెం కాశాడు. అదీ వేటకెళ్లే బెస్తవాడల నడుమ, తీర్థం రోజున. ఈ సంగతి బయటపడితే గుర్రాల లోవరాజు పేరు పోయి ఇంకేదో పేరొస్తుంది. ఈ ఏడు సముద్రంలో ఎవరి వల తెగినా తన పేరే చెప్పుకుంటారు. అన్నిటికీ మించి, ఒంటిగంటకి ముడుపు లేకుండా నాగరత్నం పక్కన బస్సులో కూర్చోవాలి.

ఆయన జనాన్ని తోసుకుంటూ వెళ్లి సత్యకుమారి చెవి దగ్గర వంగాడు. “అమ్మా, ఆ ముడి ఒక్కసారి ఇయ్యి. దానికి బదులు డబ్బు పెడతాను.”

“అదేంటండీ బావగారూ. పాట కొట్టేసిన చేప మళ్లీ బోటెక్కుద్దా? ఒక్కరికిస్తే వందమంది అడుగుతారు.”

“కారణం ఉందమ్మా.”

“చెప్పండయితే.”

లోవరాజు నోరు తెరిచి, చుట్టూ ఉన్న మొహాలు చూసి మూసేశాడు. వెనకనున్నవాళ్లలో గుసగుస బయల్దేరింది. లోవరాజు వెనక్కి తీసుకుంటున్నాడంట, గుర్రంలో ఏదో లోపముందంట. కొందరు తమ డబ్బు కోసం చేతులు చాపారు కూడా. అప్పుడు పల్లంరాజు ఐసు పెట్టె ఎక్కి నిలబడ్డాడు.

“పిచ్చోళ్లలారా, అందరూ నాలుగు మీద కాస్తుంటే వాడి వాటా తగ్గిపోద్దా లేదా? మిమ్మల్ని బెదరగొట్టడానికి వాడు వెనక్కి అడుగుతున్నాడు. గిండీ తెలివిరా అది. నేను ఇంకో ఐదొందలు వేస్తున్నాను.”

చాపిన చేతులన్నీ జేబుల్లోకి పోయి మళ్లీ బేసిన్లోకి వచ్చాయి. ఒకటి, మూడు, ఐదు మీద ముందే కాసినవాళ్లు కూడా నాలుగు మీద ఇంకో పందెం వేసి గుండెలు కుదుటపరుచుకున్నారు. రెండో బేసిన్ ఒక్కటే కడిగినట్టుంది.

ఇంతలో ఆటో దిగి నాగరత్నం వచ్చింది. పిడికిట్లో పసుపు ముడి. ఆవిడ బేసిన్ చూసింది, కింది తట్ట చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. ఆ చూపు లోవరాజుకి కొత్త కాదు. కొత్త వల డబ్బు పోయినప్పుడు మూడు రోజులు చూశాడు.

“మార్చి ఇయ్యనన్నావంట” అంది సత్యకుమారితో.

“అక్కా, మా అయ్యొచ్చినా ఇయ్యనే. పరుగయ్యాక చూద్దాం.”

నాగరత్నం తీరిగ్గా గుర్రాల దగ్గరికి నడిచింది. నాలుగో నంబరు పట్టుకున్న మనిషిని ఏదో అడిగింది. అతను తలూపాడు. రెండో నంబరు మనిషితో ఇంకాస్త సేపు మాట్లాడి, పరుగు ముగిసేచోట గీసిన గీతకేసి, ఆ పైన సరుగుడు చెట్ల పక్కనున్న తాటాకు పాకకేసి చూసింది. తిరిగొచ్చి రెండు వందల ముడిని రెండో బేసిన్లో పెట్టింది. సత్తు బేసిన్ ఖాళీగా ఉందేమో, ఠంగుమంది. జనం గొల్లుమన్నారు.

“కోపంలో కాశావా వదినా?” అన్నాడు పల్లంరాజు.

“కాదు మరిదిగారూ. ఆయన ఒక గుర్రం, నేనొక గుర్రం. సంసారం అన్నాక రెండువైపులా చూసుకోవాలి.”

కాసేవాళ్ల రద్దీలో పదింటి పరుగుకి పదకొండున్నరకి ఈల వేశారు. నాలుగో నంబరు బాణంలా బయల్దేరింది. సగం దూరం వచ్చేసరికి దాని దరిదాపుల్లో ఇంకే గుర్రమూ లేదు. ఒకటో నంబరు అలలు చూసి బెదిరి సముద్రంలోకి దిగింది. మూడోది బజ్జీల బండి దగ్గర ఆగి క్యాబేజీ ముక్కలు తింటోంది. ఐదోది తన మీదున్న మనిషిని దించేసి కొత్తపాలెం దారి పట్టింది. ముసలి రెండో నంబరు మాత్రం తలొంచుకుని, ఎవరితోనూ పోటీ లేనట్టు, ఒకే తీరున దుముకుతూ వస్తోంది. లోవరాజు కళ్లు మూసుకుని అంతర్వేది స్వామిని తలుచుకున్నాడు. గెలిస్తే ముడుపు వెనక్కొస్తుంది, ఎవరికీ తెలియదు.

నాలుగో నంబరు చివరి గీతకి ఇరవై గజాల్లోకి వచ్చింది. గెలిచిన గుర్రానికి స్వాగతం చెప్పాలని సుకుమార్ గీత దగ్గర నర్సాపురంనుంచి యుగంధర్ బ్యాండు మేళాన్ని నిలబెట్టాడు. వాళ్లు బూరలెత్తి ఒక్కసారి వాయించారు.

గుర్రం ఆగిపోయింది. ఆగి, మెడ వంచి, ముందుకాలు ఎత్తి, దరువుకి సరిగ్గా కింద పెట్టింది. తర్వాత రెండో కాలు. మీదున్న మనిషి మడమలతో పొడిచాడు, జూలు పట్టి గుంజాడు, చివరికి బతిమాలాడు. అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతూ నాట్యం చేస్తోంది. “ఆపండ్రా వాయిద్యం” అని నాలుగు వందల గొంతులు ఒక్కటై అరిచాయి. ఇంతమంది ఇంత ఆదరంగా కేకలేయడం ఏ పెళ్లిలోనూ ఎరగని మేళంవాళ్లు, మెచ్చుకుంటున్నారనుకుని బుగ్గలు పగిలేలా ఊదారు. ఆ మోతలోనే రెండో నంబరు నాట్యం చేస్తున్న గుర్రాన్ని పక్కనుంచి దాటి, గీత దాటి, ఆగకుండా సరుగుడు చెట్ల వెంట పోయి పాకలో దూరింది. దండ పట్టుకుని సుకుమార్ అక్కడిదాకా పరిగెత్తాడు. అప్పటికే అది దాణా తొట్టిలో మొహం పెట్టేసింది.

జనం మెల్లగా లోవరాజు చుట్టూ చేరారు.

“ఇదేంట్రా? నువ్వు చెప్పావనే కదా కాశాం” అన్నాడు పల్లంరాజు.

“నేను నోరు విప్పానా?”

“విప్పలేదు కాబట్టే నమ్మాం.”

సత్యకుమారి చీటీలు చూసి, వేలంపాట గొంతుతో తేల్చేసింది. రెండు మీద కాసింది ఒక్కరే, ఐదు బేసిన్లూ నాగరత్నానివే. సుకుమార్ చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. “సరదాకి పెట్టిన పరుగు కదా పిన్నిగారూ. ఎవరిది వాళ్లకి ఇచ్చేద్దాం. అందరూ మనోళ్లేనాయె.”

నాగరత్నం తట్టలో చెయ్యి పెట్టి బరువైన ముడి బయటికి తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

“అలాగే బాబూ. ఇది అంతర్వేది స్వామి ముడుపు. మా ఆయన పొరపాటున తెచ్చి ఇందులో వేశారు. పొద్దున్నించీ మీ డబ్బంతా దీంతో కలిసే ఉంది. ఎవరిదెంతో తీసుకోండి. తీసుకున్నవాళ్లు రేపు వేటకెళ్లే ముందు ఒక్కమాట చెప్పండి చాలు, మిగతా బోట్లు కాస్త ఎడంగా వెళ్తాయి.”

పల్లంరాజు తట్టలోకి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆయన వెనకున్నవాళ్లూ రెండడుగులు వెనక్కేశారు. సుకుమార్ “నాకు బోటు లేదు గదండీ” అనబోయి, నీళ్లు పెట్టి నెల కూడా కాని తన రొయ్యల చెరువులు గుర్తొచ్చి, చేతిలో మిగిలిన దండ తీసి ముడుపు మీదే వేసి దణ్ణం పెట్టాడు.

నర్సాపురం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కేసరికి మూడు దాటింది. గోదావరి నిండుగా, బద్ధకంగా ఉంది. పందెం డబ్బున్న గోనెసంచి కాళ్ల మధ్య పెట్టుకుని నాగరత్నం, పక్కన దూరంగానూ దగ్గరగానూ కాకుండా లోవరాజు. నడిమి ఏట్లోకి వచ్చాక ఆయన కాస్త ఇటు జరిగాడు.

“ముసలి గుర్రం గెలుస్తుందని ఎలా తెలుసే నీకు?”

“ఆ తెల్లది మన వీధిలో వీరవేణి కూతురి పెళ్లికి వచ్చిన గుర్రమండి. సన్నాయి మొదలెడితే ఉన్నచోటే గంతులు, ముందుకి అడుగు వేసేది కాదు. పెళ్లికొడుకు దాని మీద రెండు గంటలు కూర్చుని, ముహూర్తానికి నడిచి వచ్చాడు. మీరు రొయ్యల బేరం ఉందని పెళ్లికే రాలేదు. ఇవాళ గీత దగ్గర మేళంవాళ్లని చూడగానే నాకు తేలిపోయింది.”

“మరి రెండోది?”

“దాని కొట్టం అటేపు, దాని మేతవేళ పదకొండున్నర. ‘బలం చూడకు లోవరాజా, గుర్రానికి అటేపు పోవాల్సిన పనుందో లేదో చూడు’ అని మీ చిట్టియ్యగారే కదా చెప్పింది. మీరు అరుగు మీద కూర్చుని నాకు చెప్పారు. ఆ రోజు మల్లెపూలు కూడా తెచ్చారు.”

లోవరాజు ఆ రోజుని గుర్తు చేసుకోబోయాడు. చిట్టియ్య ఆ మాట అన్నాడు. ఏ సంవత్సరమో, ఏ గుర్రమో గుర్తు లేదు గాని అన్నాడు. తను గిండీలో చెవులతో విని పారేసినదంతా ఈవిడ అరుగు మీద కూర్చుని మూటగట్టుకుంది.

“ఇంతకీ ఆ ముడుపు దేనికే? ఇంత బరువేంటి?”

నాగరత్నం సంచిలోంచి ముడి తీసి ఒళ్లో పెట్టుకుంది. “మీకు మొదటి ముడి కట్టిన రోజునే ఇది కూడా కట్టాను. మీరు గుర్రాలు మానెయ్యాలని. మీరు లారీ ఎక్కినప్పుడల్లా ఇందులో ఒక రూపాయి వేశాను. ఇవాళ్టిది ఆఖరిదనుకున్నాం గదా, మొక్కు తీరింది, ఇచ్చేద్దామనుకున్నాను.”

పంటు అవతలి ఒడ్డు తాకింది. ఇద్దరూ స్వామి దర్శనం చేసుకున్నారు. ముడుపు, దాని వెనక గోనెసంచీ, రెండూ హుండీలోకి పోయాయి. తన పెట్టుబడి రెండు వందలు మాత్రం నాగరత్నం ముందే తీసి చెంగున కట్టుకుంది. లోవరాజు ధ్వజస్తంభం దగ్గర నిలబడి, ఇక జన్మలో గుర్రం మొహం చూడనని గట్టిగా లెంపలేసుకున్నాడు. ఈసారి నిజంగానే.

తిరుగు పంటులో నాగరత్నం చెంగు ముడిని వేళ్లతో తడుముకుంటూ మొగుడి వైపు తిరిగింది.

“ఏవండీ, పై నెల యానాం దగ్గర కూడా గుర్రాల పరుగు పెడతారంట. సత్యకుమారి చెప్పింది. ఏ గుర్రాల కొట్టం ఎటేపో కాస్త ముందుగా కనుక్కుంటారా?”

మర్నాడు పొద్దున్న నాగరత్నం పెరట్లో ఉండగా, లోవరాజు పసుపు రాసిన గుడ్డముక్కలో ఒక రూపాయి కట్టి, కుంకంబొట్టు పెట్టి, అంతర్వేది స్వామికి మొక్కుకున్నాడు. ఆ ముడిని మాత్రం వేరే గూట్లో పెట్టాడు.